ఆరు నిమిషాల నడక.. కొలిచేదెవరు?

సాయంత్రం కాలేజీలు వదిలాక ఇబ్రహీంపట్నంలో బస్సెక్కితే ఇంజినీరింగ్, ఫార్మసీ ఐడీ కార్డులు పక్కపక్కనే కనిపిస్తాయి. మాటలే వేరు. వీళ్లది కోడింగ్, వాళ్లది మెడికల్ కోడింగ్! ఈ ఇద్దరికీ పని ఉన్న పరిశోధన ఒకటుంది. పల్మనరీ హైపర్‌టెన్షన్.

చేతికి పట్టీ చుట్టి చూసే బీపీ కాదిది. గుండె నుంచి ఊపిరితిత్తులకు వెళ్లే రక్తనాళాల్లో పెరిగే ఒత్తిడి. మెట్లెక్కితే ఆయాసం వస్తుంది. రక్తం తక్కువేమో, ఆస్తమా ఏమో అనుకుంటూ ఏళ్లు గడిచిపోతాయి. ఎకోలో తెలిసేది అంచనా మాత్రమే. ఖాయంగా తేల్చాలంటే సిరలోంచి సన్నటి గొట్టాన్ని గుండె కుడివైపు గదుల మీదుగా పంపి కొలవాల్సిందే. సగటు ఒత్తిడి 20 ఎంఎంహెచ్‌జీ దాటితే జబ్బు కిందే లెక్క. 2018 దాకా ఈ గీత 25 దగ్గర ఉండేది.

ల్యాబ్ సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. పచ్చిరొట్ట ఎరువు కోసం మన రైతులు చల్లే జనుము తెలుసు కదా. దానికి దగ్గరి చుట్టమైన క్రొటలేరియా స్పెక్టబిలిస్ అనే మొక్క గింజల్లో మోనోక్రోటలిన్ అనే విషం ఉంటుంది. దాన్ని ఎలుకకు ఒక్కసారి ఇంజెక్షన్ ఇస్తే, మూడు నాలుగు వారాల్లో ఊపిరితిత్తుల్లో ఒత్తిడి పెరుగుతుంది. కొత్త మందుల్ని ముందు ఇలాంటి ఎలుకల మీదే చూస్తారు. ఎంఫార్మసీలో ఫార్మకాలజీ తీసుకున్నవాళ్లకు ఇది సొంత ఇల్లే.

ఆ తర్వాత మనుషుల మీద ట్రయల్స్. సొటాటర్‌సెప్ట్ అనే ఇంజెక్షన్‌ను 323 మందితో పరీక్షించారు. 24 వారాల తర్వాత ప్రధానంగా చూసిందేంటో తెలుసా? ఆరు నిమిషాల్లో ఎంత దూరం నడవగలరని! ప్లాసిబో తీసుకున్నవాళ్లతో పోలిస్తే తేడా దాదాపు 41 మీటర్లు. 2024 మార్చిలో అమెరికాలో ఆ మందుకు అనుమతి వచ్చింది.

బీఫార్మసీ చదివిన నా రూమ్మేట్ ఓ ఆసుపత్రిలో క్లినికల్ రిసెర్చ్ కోఆర్డినేటర్‌గా చేరాడు. మొదటి నెలంతా టేపుతో 30 మీటర్ల కారిడార్ కొలవడం, స్టాప్‌వాచ్ పట్టుకోవడమే. 'దీనికేనా నాలుగేళ్లు చదివింది' అని నేను నవ్వాను. రోగిని 'ఇంకాస్త ఫాస్ట్‌గా' అని తొందరపెట్టకూడదట, నిమిషానికోసారి అందరికీ ఒకే మాట చెప్పాలట. ఒక రౌండ్ ఎక్కువ రాస్తే 60 మీటర్లు తప్పు. పైన చెప్పిన తేడాయే 41. నా నవ్వు అక్కడే ఆగిపోయింది.

బీటెక్ వాళ్లకు డేటా వైపు దారి ఉంది. కేరళలో 50 ఆసుపత్రులు కలిసి 2,003 మంది రోగుల వివరాలతో రిజిస్ట్రీ తయారుచేశాయి. అలాంటి డేటాను శుభ్రం చేసి, విశ్లేషించడానికి ఎస్‌క్యూఎల్, శాస్, సీడిస్క్ ప్రమాణాలు తెలిసినవాళ్లు కావాలి. ఈసీఈ వాళ్లూ, ఎల్‌సీ సర్క్యూట్ గుర్తుందా? ఊపిరితిత్తుల ధమనిలో అమర్చే కార్డియోమెమ్స్ సెన్సర్ దానిమీదే నడుస్తుంది, బ్యాటరీ లేకుండా. గుండె వైఫల్యం ఉన్నవాళ్ల కోసం 2014లో అమెరికా దాన్ని అనుమతించింది.

మొదటి జీతం సాఫ్ట్‌వేర్ కంటే తక్కువే ఉండొచ్చు, దాచడం ఎందుకు. 'వంద శాతం ప్లేస్‌మెంట్' అని వేలకు వేలు అడిగే కోర్సుల జోలికి మాత్రం తొందరపడి పోకండి. ముందు గుడ్ క్లినికల్ ప్రాక్టీస్ నేర్చుకోండి, ఆన్‌లైన్‌లో ఉచితంగానే దొరుకుతుంది. మన దేశంలో జరిగే ట్రయల్స్ సీటీఆర్‌ఐ వెబ్‌సైట్‌లో నమోదవుతాయి, ఎవరైనా చూడొచ్చు. ఈ జబ్బు పేరు కొట్టి ఒక ట్రయల్ తెరవండి. ఎవర్ని తీసుకుంటారు, ఏం కొలుస్తారు, ఎన్ని వారాలకు.. ఒక పేజీలో రాసి పెట్టుకోండి. ఇంటర్వ్యూకి ఆ పేజీ పట్టుకెళ్లండి.