ద్వీపయాత్రయు, పాయింట్ల లెక్కయు

మన ముత్తవల కాలమున ద్వీపయాత్ర యనగా రామేశ్వరమే. 1914లో పాంబను వంతెన యేర్పడినది మొదలు అదియును రైలుబండిలో కూర్చుండి చేయు యాత్రయే యయ్యెను. నేడు మన హైదరాబాదు నగరమున, అందును కాచిగూడ, నాంపల్లి, ఆబిడ్సు ప్రాంతముల మధ్యతరగతి సంసారములలో, అండమాను దీవుల మాట తరచుగ వినవచ్చుచున్నది. బిడ్డలు చిత్రములు చూచి మారాము సేయుదురు. మగవారు సెలవులు లెక్కింతురు. ఖర్చు ప్రసంగము వచ్చునప్పటికి "మనకు పాయింట్లున్నవి గదా" యని యెవరో యొకరందురు. ఆ పాయింట్ల పత్రములు బీరువాలో పట్టుచీరల క్రింద భద్రముగ నుండును. వానిని మొదటినుండి తుదివరకు చదివినవారు మాత్రము ఆ యింట నుండరు. ప్రయాణమునకు మూట కట్టవలసినదియు, తిరిగివచ్చిన పిమ్మట ఆ నెల ఖర్చు సర్దుకొనవలసినదియు గృహిణియే గనుక ఈ సంగతిని సోదరీమణులకు కొంత వివరముగ దెలుప దలచితిమి.

టైమ్ షేరు పద్ధతి మన పల్లెలలోని నీటివంతు వంటిది. చెఱువు ఒక్కటే, రైతులు పలువురు, ఎవరి వంతు వచ్చినప్పుడు వారు తమ చేనికి నీరు కట్టుకొందురు. అట్లే ఒక విడిదిగృహమును ఏబదిరెండు వారములుగ పంచి, ఒక్కొక్క కుటుంబమునకు ఏడాదికొక వారము హక్కు నిత్తురు. ఇది 1960 దాటిన పిమ్మట యూరపులో పుట్టినది. స్విట్జర్లాండులో 1963లో స్థాపితమైన హాపిమాగ్ సంస్థ వారమునకు బదులు పాయింట్లిచ్చు మార్గమును త్రొక్కెను. ఒకచోటి వారమును మఱియొకచోటి వారముతో మార్చిపెట్టు ఆర్.సి.ఐ. యను సంస్థ 1974లో అమెరికాలో నేర్పడెను. మన దేశమున 1986లో స్టెర్లింగు వారును, 1996లో మహీంద్రా వారును ఈ వ్యాపారమును ప్రారంభించిరి. ఇప్పుడు ఇరువదియైదేండ్ల సభ్యత్వములు, పదేండ్ల సభ్యత్వములు, వారముల లెక్కవి, పాయింట్ల లెక్కవి పలు తెఱగులవి గలవు.

పాయింటనగా రూపాయి గాదు. ఇది మొదట మనసున నాటుకొనవలసిన సంగతి. రూపాయికి సంతలో ధర మారినను అది మన చేతిలోనిది. పాయింటుకు విలువ కట్టువారు దానిని మనకు అమ్మినవారే. రద్దీ దినములలో ఒక రాత్రికి ఎక్కువ పాయింట్లు, వానకాలమున తక్కువ. పెద్దగదికి ఎక్కువ, చిన్నగదికి తక్కువ. ఏడాదిలో వాడుకొననివి కొంతకాలము నిలువ యుండును, గడువు దాటిన పోవును. కొన్నిచోట్ల మఱుసటి యేటి పాయింట్లను ముందుగా వాడుకొన నిత్తురు. అట్లు వాడుకొన్నవారికి ఆ మఱుసటి యేడు ఉపవాసమే.

నాంపల్లి నుమాయిషు మన కందఱకు దెలిసినదే. 1938లో పబ్లిక్ గార్డెన్సులో నారంభమై, 1946 నుండి నేటి మైదానమున ఏటేట జనవరి మొదటి తేదీన తెరవబడు నా ప్రదర్శనమున గాజులు, దుప్పట్లు, ఊరగాయలు కొనుచు దిరుగు దంపతులను ఒకరు చిఱునవ్వుతో ఆపి, పేరు, టెలిఫోను నంబరు వ్రాసి పెట్టెలో వేయుడని చీటీ చేతికిత్తురు. ఇట్టి చీటీల పెట్టెలు పెద్ద దుకాణములలోను, పెట్రోలు బంకులలోను గూడ నుండును. నాల్గు దినములకు "మీకు బహుమానము వచ్చినది, దంపతు లిద్దఱును ఫలానా హోటలునకు రండు" అని పిలుపు వచ్చును. ఇద్దఱును రావలెనని అంత పట్టుదల యేల? మగవా డొక్కడే వచ్చిన "ఇంటికి పోయి ఆడవారి నడిగి చెప్పెద" నని లేచిపోవును. ఆ తప్పించుకొను మార్గమును మూయుటకే మనలను గూడ పిలుచుట. రెండుమూడు గంటలు చల్లని గదిలో కూర్చుండబెట్టి, సముద్రములు, మంచుకొండలు చూపి, "ఈ ధర ఈ దినమునకే" యందురు. కాయగూరల బండివానితో పావుగంట బేరమాడు మనము అచ్చట మాటాడక కూర్చుండుటకు కారణమేమో మాకు బోధపడదు. మంగళవారముననో, అష్టమిననో సంతకము పెట్టరాదని చెప్పి లేచివచ్చినను తప్పులేదు!

ఇక లెక్క చూతము. ఈ అంకెలు ఉదాహరణకు మేము వేసికొన్నవి. ఎవరి పత్రములోని అంకెలు వారు వేసికొనవచ్చును. సభ్యత్వమునకు నాలుగు లక్షలు, ఇరువదియైదేండ్లు, ఏటికి ఏడు రాత్రులు, ఏటేట కట్టవలసిన నిర్వహణ రుసుము పదునేడు వేలు. అమ్మువారు నాలుగు లక్షలను ఇరువదియైదుచే భాగించి ఏటికి పదునాఱువేలే యందురు. రుసుము కలిపిన ముప్పదిమూడు వేలు, అనగా రాత్రికి 4,714 రూపాయలు. గృహిణి లెక్క వేఱు. ఆ నాలుగు లక్షలను నూటికి ఏడు వడ్డీకి బ్యాంకులో నుంచిన ఏటికి ఇరువదియెనిమిది వేలు వచ్చును. రుసుముతో గూడ నలువదియైదు వేలు. రాత్రికి 6,428 రూపాయలు. తుదకు బ్యాంకులోని అసలు మనకు దక్కును, సభ్యత్వపు అసలు దక్కదు. రుసుముపై నూటికి పదునెనిమిది చొప్పున జి.యస్.టి. గలదు, ఆ రుసుమును ఏటేట పెరుగుచుండును. అంతకంటె మంచిగది అంతకు తక్కువకే హోటలులో దొరకునేని సభ్యత్వమువలన లాభమేమి? ప్రతియేడును తప్పక యాత్ర సేయువారికి, రద్దీ దినములలోనే పోవలసినవారికి, పెద్ద కుటుంబమునకు వంటయిల్లుగల పెద్దగది కావలసినవారికి ఇది కలిసివచ్చుట గలదు. మూడేండ్లకొకమారు కదలు సంసారమునకు గలిసిరాదని మా యభిప్రాయము.

కాచిగూడ స్టేషనుకు సమీపమున మేమెఱిగిన కుటుంబ మొకటి గలదు. భర్త సభ్యత్వము కొన్న మొదటి యేడు అత్తగారికి కాలు విఱిగెను. రెండవ యేడు పెద్దపిల్లకు ఇంటర్మీడియటు పరీక్షలు. మూడవ యేడు సంక్రాంతికి గది యడిగిన "నిండిపోయినవి" అని జవాబు వచ్చెను. రుసుము మాత్రము మూడేండ్లును కట్టిరి. అప్పుడా యిల్లాలు బీరువానుండి పత్రము తీసి, రెండు మధ్యాహ్నములు కూర్చుండి చదివి, సందేహములను తెల్లకాగితముపై వ్రాసి కంపెనీకి పంపినది. మొదటి యేటి పాయింట్లు గడువు దాటి పోయినవనియు, తక్కినవి నిలువ యున్నవనియు లిఖితపూర్వకముగ తెలిసినది. అత్తగారికి డెబ్బదియేండ్లు దాటినవి, కాలు బాగుపడినది, సముద్రపు దీవి నొకటి చూడవలెనని ఆమె కోరిక. ఇంకొక యేడాగిన ఆమె నడువగలదో లేదో. ఈ తొందర తెలిసినదై ఆ యిల్లాలు వేసిన ప్రణాళిక మాకు నచ్చినది గనుక దాని ననుసరించియే తక్కిన సంగతులు వ్రాయుచున్నాము.

మొదట ఋతువు. అండమానులో వర్షము మెండు. ఏటికి మూడువేల మిల్లీమీటర్ల వరకు కురియును. నైరృతి ఋతుపవనము మే నెల మూడవ వారమునకే అచ్చటికి వచ్చును. పిదప ఈశాన్యపు వానలు. డిసెంబరు నుండి ఏప్రిలు వరకు సముద్రము శాంతముగ నుండును. ఆ దినములలోనే పాయింట్లు ఎక్కువ కోయబడును. సంక్రాంతి సెలవులలో పోదమన్న గదులు దొరకవు, కొత్త అల్లు డింటికి వచ్చును. బిడ్డల వేసవి సెలవులు ప్రారంభమైన వెంటనే, ఏప్రిలు చివరి దినములలో పోవుట ఆమెకు తోచిన యుపాయము. ఎండ యుండును గాని వాన యుండదు, రద్దీ తగ్గును.

రెండవది, గది యెక్కడ? ఇది చాలమంది అడుగరు. అండమాను ఒక ఊరు గాదు. 2024లో శ్రీవిజయపురమని పేరు మార్చబడిన పోర్టు బ్లెయిరు పట్టణ మొకచోట. 2018లో స్వరాజ్ ద్వీపమని పేరొందిన హేవ్‌లాకు మఱియొకచోట. షహీద్ ద్వీపమైన నీలు ఇంకొకచోట. నడుమ సముద్రము, ఓడపై గంటన్నర మొదలు రెండున్నర గంటల ప్రయాణము. పాయింట్లతో ఏడు రాత్రులును ఒకేచోట తీసికొన్నవారు తక్కిన దీవులలో నిదురించిన రాత్రులకు మరల రొక్కము చెల్లింతురు. ఇచ్చట గది ఖాళీగ నుండగా పాయింట్లు కరుగుచుండును. ఆమె స్వరాజ్ ద్వీపమున మూడు రాత్రులకు మాత్రమే పాయింట్లు వాడి, మొదటి రాత్రికిని చివరి రాత్రికిని పట్టణమున సామాన్యమైన హోటలు గది తీసికొన్నది. చివరి రాత్రి పట్టణముననే యుండుట ముఖ్యము. గాలి వీచి ఓడ ఆగిన యెడల విమానము మనకొఱకు ఆగదు.

సంస్థకు ఆ దీవులలో సొంత విడిది లేనిచో మార్పిడి సంస్థద్వారా అడుగవలెను. దానికి వేఱు రుసుము, చాల నెలల ముందుచూపు కావలయును. గది ఖాయమైనదని వ్రాతమూలకముగ వచ్చినవఱకు విమానపు టిక్కెట్లు కొనరాదు. పాయింట్లు గదికే గాని విమానమునకు, ఓడకు, భోజనమునకు చెల్లవు. ఆరుగురి విమానపు ఖర్చు గది ఖర్చును మించునని ఆమె లెక్క వేసి చూపగా భర్త కొంతసే పేమియు పలుకలేదట.

శంషాబాదు నుండి విమానములో రెండు మూడు గంటలలో చేరవచ్చును. తీరిక గలవారికి వేఱొక దారి గలదు. 1916లో కట్టబడి, నిజాము రైల్వేకు కేంద్రస్థానమైన మన కాచిగూడ స్టేషను నుండి చెంగల్పట్టు పోవు బండి చెన్నై ఎగ్మూరు మీదుగ పోవును. చెన్నై నుండి ఓడలో సుమారు పండ్రెండువందల కిలోమీటర్లు, రెండున్నర మూడు దినములు. అది చవక, వృద్ధులకు తగదు. దీవినుండి దీవికి పోవు ఓడలకు గూడ రేవులో మెట్లు దిగవలెను. అందుచే ఆమె అత్తగారికొఱకు చక్రముల కుర్చీ సంగతి ముందుగనే మాటాడి యుంచినది.

అంత దూరము పోయి సముద్రస్నానము మాత్రమే చేసి వచ్చుట తగదు. 1906లో పూర్తియైన సెల్యులరు జైలు ఏడు కొమ్మలలో మూడు నేటికి నిలిచియున్నవి. కాకినాడ బాంబు కేసులో శిక్షపడిన ప్రతివాది భయంకరాచార్యులు అచ్చట బంధింపబడెను. బిడ్డలకు ఆ గదులు చూపవలెను. డిసెంబరులో నచ్చట సాయంకాలము ఐదు గంటలకే ప్రొద్దు గ్రుంకును. వేసవిలోను మనకంటె ముందే చీకటి పడును. కావున చూడవలసినవి ఉదయముననే చూడవలెను. పగడపు ముక్కలు మూటలో కట్టి తెచ్చుట నేరము. జారవాలు మొదలగు ఆదివాసులుండు భాగములు 1956 నాటి చట్టముచే రక్షింపబడినవి. వారిని ఫోటో తీయుట కూడదు.

కంపెనీవారు మాట తప్పినయెడల ఏమి సేయవలెనని కొందఱు సోదరీమణులు ప్రశ్నింతురు. వ్యాజ్యము ఫలానా దూరనగరముననే వేయవలెనని ఒప్పందములో వ్రాసియున్నను భయపడ నక్కఱలేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము మనము నివసించు జిల్లా కమీషనులోనే ఫిర్యాదు సేయవచ్చును. చెల్లించిన సొమ్ము ఐదు లక్షల లోపైన రుసుము లేదు. రెండేండ్ల లోపల సేయవలెను. 1915 అను నంబరునకు టెలిఫోను చేసి ముందుగ సలహా పొందవచ్చును. నోటితో నిచ్చిన మాటలు నిలువవు గనుక అమ్మినవారు చెప్పినదెల్ల పత్రముపై వ్రాయించుకొనవలెను. సంతకము పెట్టిన పిదప కొన్ని దినములలో సొమ్ము వాపసు కోరు గడువు కొన్ని ఒప్పందములలో నుండును; ఆ దినములు ఎన్నియో ఆ రాత్రియే చూచుకొనవలెను.

భాషకు మనవారికి చిక్కులేదు. 2011 జనాభా లెక్కలలో ఆ దీవులలో నూటికి పదుమువ్వు రించుమించుగ తెలుగు మాతృభాషగా గలవారు. శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములనుండి పోయి స్థిరపడినవారు పెక్కుమంది. కాచిగూడ అత్తగారు పట్టణపు బజారులో టెంకాయ నీళ్లు త్రాగుచు, అమ్ముచున్నామెతో విజయనగరపు సంబంధము లేవో ముచ్చటించుచు కూర్చుండగా, కోడలు ఓడకు వేళయగుచున్నదని మూడుమారులు పిలువవలసి వచ్చినదట.