పిల్లల చేతికి పద్దుపుస్తకము

సాయంకాలము వీధిచివర దుకాణము ముందు ఆరేండ్ల బాలుడొకడు బొమ్మకారు కొరకు మారాము చేయుచున్నాడు. "డబ్బులు లేవు నాన్నా, ఇంకోసారి కొందాం" అని తండ్రి బుజ్జగించుచున్నాడు. "డబ్బులెందుకు నాన్నా? ఫోను చూపిస్తే ఇచ్చేస్తారుగా!" అని బాలుడు బదులు చెప్పుచున్నాడు. చుట్టునున్నవారు నవ్వుచున్నారు.

ఇట్టి దృశ్యము నేడు ఏ యూరిలోనైనను కానవచ్చును. కాని ఆ మాటలో నవ్వవలసిన దానికంటె ఆలోచింపవలసినదే ఎక్కువగా నున్నది. బాలుని తర్కములో తప్పులేదు. వాడు నిత్యము చూచుచున్నది అదియే. కూరలబండి వద్దను, మందులకొట్టులోను, ఆటో దిగునప్పుడును తండ్రి తన ఫోనును ఒక అట్టముక్క ఎదుట క్షణకాలము పట్టుచున్నాడు. సొమ్ము ముట్టినదని ఒక చిన్నపెట్టె పలుకుచున్నది. వస్తువు చేతికి వచ్చుచున్నది. ఆ ఫోనులో ఏదో తరిగిపోవుచున్నదని పసివానికి ఎట్లు తెలియవలెను?

తెలుగువారు ధనమునకు వాడుకొను మాటలలో కొన్ని నాణెముల పేర్లే. 'డబ్బు' అనునది ఒకప్పటి రాగినాణెము పేరు. 'కాసు' కూడ అట్టిదే. దమ్మిడీ చెలామణి పోయి ఎంతకాలమైనను, దమ్మిడీ ఆదాయము లేక క్షణము తీరిక లేనివాడు నేటికిని సామెతలో బ్రతికియున్నాడు. ధనము చేతితో తాకదగిన వస్తువై యుండుటచేతనే ఈ పేర్లు ఇట్లు నిలిచినవి. రూపాయికి పదునారణాలు, అరువదినాలుగు పైసలు అని వల్లెవేసిన కాలమున పిల్లవాడు అంగడికి పోయి వచ్చుటయే ఒక గణితపాఠము. 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణెములు వచ్చినవి. అణాకు ఆరుంబావు నయాపైసలు గనుక ఆ లెక్క పెద్దలకే తికమక కలిగించెను. 1964లో 'నయా' అను మాట తొలగెను. 2011 జూన్ 30తో పావలా కూడ చెలామణి నుండి తప్పుకొనెను. 2016లో యూపీఐ వచ్చినది. అటుపిమ్మట కొద్ది సంవత్సరములలోనే రొక్కము కంటికి కనబడుట అరుదైనది.

అణాలు పోయినందుకు విచారింప నక్కరలేదు. క్రొత్త పద్ధతివలన కలిగిన సౌకర్యము సామాన్యమైనది కాదు. కాని గుప్పిటిలోని నాణెము ఇచ్చినచో గుప్పిలి ఖాళీయగుననెడి పాఠమును పూర్వము నాణెమే నేర్పెడిది. ఇప్పుడు ఆ పాఠము చెప్పువారు లేరు. పూర్వపు గృహము తెలియకయే నేర్పినదానిని నేటి గృహము తెలిసి నేర్పవలసి యున్నది. ఉపన్యాసముల వలన ఇది జరుగదు. పొదుపును గూర్చి పెద్దలు చెప్పు నీతులు పిల్లల చెవులను తాకి వెనుదిరుగును. బిడ్డ చేతికి కొంచెము సొమ్మును, దానితోపాటు ఒక పద్దుపుస్తకమును ఇచ్చి, కొన్ని పనులు చేయనిచ్చుటయే మార్గము.

పసివయస్సున

అయిదారేండ్ల బిడ్డకు మొదట కావలసినది కంటికి కనబడెడి ధనము. మట్టి డిబ్బీ మనకు అనాదిగా ఉన్నదే. తెలంగాణమున దానిని గల్లగురిగి యందురు. అయితే పగులగొట్టు దినము వరకు లోపల ఎంత చేరినదో తెలియకపోవుట దానిలోని లోపము. ఊరగాయ ఖాళీచేసిన మూడు గాజుసీసాలు అంతకంటె మేలు. ఒకటి వాడుకకు, ఒకటి దాచుటకు, ఒకటి ఇతరులకు ఇచ్చుటకు. పండుగకు తాతగారు చేతిలో పెట్టిన రూపాయలను బిడ్డయే మూడు భాగములు చేసి సీసాలలో వేయవలెను. ఏ సీసాలో ఎంత వేయవలెనో పెద్దలు శాసింపరాదు. ఎందుకు వేసినావని మాత్రము అడుగవచ్చును.

చింతగింజలతో అంగడియాట ఈ వయస్సునకు చక్కగా తగును. వంటింటిలోని కందిపప్పు డబ్బాయు, సబ్బుబిళ్లయు సరకులు; గింజలు నాణెములు. అమ్మ కొనుగోలుదారు, బిడ్డ వర్తకుడు. పది గింజలు తీసుకొని ఏడు గింజల సరకిచ్చి, మూడు గింజలు తిరిగి యిచ్చు వేళ కూడిక, తీసివేత వాని వ్రేళ్లకే వచ్చును. పిదప నిజమైన అంగడికి నిజమైన పదిరూపాయల నోటిచ్చి పంపవచ్చును. చిల్లర లెక్కపెట్టుకొని వచ్చిన నాడు ఆ బిడ్డ నడక చూడదగియుండును.

వారపు సొమ్ము

ఎనిమిది, తొమ్మిదేండ్లు వచ్చుసరికి వారమునకొక మొత్తము నిర్ణయింపవచ్చును. అది ఇరువది రూపాయలా, యాబది రూపాయలా అనునది ఇంటి స్తోమతను బట్టి యుండును. మొత్తముకంటె నియమము ముఖ్యము. నిర్ణయించిన దినముననే ఈయవలెను. ఆ దినమునకు ముందు మరల ఈయరాదు.

దీనికి తోడు ఒక నోటుపుస్తకము. మన వర్తకులు తరతరములుగా చిట్టా వ్రాసిన పద్ధతియే ఇచటను చాలును. సోమవారము జమ 50. పెన్సిలు ఖర్చు 10. నిల్వ 40. మంగళవారము ఐస్‌క్రీము ఖర్చు 30. నిల్వ 10. బుధవారము స్నేహితుని పుట్టినరోజు కానుకకు 20 కావలెను, నిల్వ పదియే. అప్పుడు బిడ్డ తల్లివద్దకు వచ్చును. "అమ్మా, ఇంకొక్క పది రూపాయలు ఇవ్వవా?" ఇంటి విద్య అంతయు ఆ క్షణముననే యున్నది. "వచ్చే సోమవారం ఇస్తాను నాన్నా. ఈలోగా ఉన్న పదితో ఏం చేయవచ్చో ఇద్దరం ఆలోచిద్దాం" అను తల్లి కఠినురాలు కాదు. పది రూపాయలతో తీరిపోవు పొరపాటు ఇప్పుడు జరిగినచో, పదివేలతో గూడ తీరని పొరపాటు రేపు తప్పవచ్చును. చేతితో బొమ్మవేసిన కార్డు కానుకగా తీసికొనిపోయిన బాలుడు ఆ బుధవారమును మరువడు.

ఇచట పెద్దల పరీక్షయు కలదు. అమెరికాలోని రోచెస్టరు విశ్వవిద్యాలయ పరిశోధకులు 2013లో ప్రచురించిన యొక పరిశీలన ఇందుకు తార్కాణము. మూడు మొదలు అయిదేండ్ల వరకు వయస్సుగల 28 మంది పిల్లలకు మంచి రంగులు, బొమ్మ సామగ్రి తెచ్చియిత్తుమని మాట యిచ్చిరి. సగముమంది యెడ మాట నిలుపుకొనిరి; తక్కినవారికి, అవి దొరకలేదని చెప్పిరి. పిమ్మట ప్రతి బిడ్డ ఎదుటను ఒక మిఠాయి నుంచి, తినక పదునైదు నిమిషములు వేచియున్నచో రెండవది కూడ ఇత్తుమనిరి. మాట దక్కిన పిల్లలు సగటున పండ్రెండు నిమిషములు వేచియుండిరి. మాట తప్పినవారిని చూచిన పిల్లలు మూడు నిమిషములే ఆగగలిగిరి. ఓర్పు బిడ్డ స్వభావములో మాత్రమే ఉన్నదనుకొనరాదు. ఇంటిలో మాటకు విలువ ఉన్నచోటనే పొదుపునకు అర్థముండును. పిల్లవాడు దాచుకొన్న సొమ్మును "మళ్లీ ఇస్తాలే" అని తీసికొని మరచిపోవు తండ్రి, దాచుట తెలివితక్కువ యని వానికి స్వయముగా బోధించుచున్నాడు.

పనికి కూలి యీయవచ్చునా అను ప్రశ్న తరచుగా వినబడును. తన కంచము తాను తీసికొనుట, పక్క చుట్టుట, తమ్మునికి పాఠము చెప్పుట ఇంటి మనిషి ధర్మములు. వానికి వెల కట్టరాదు. అటక దులుపుట, పాత పత్రికలు కట్టగట్టి తూకమునకు అమ్మి వచ్చుట వంటి అదనపు పనులకు కొంత యిచ్చినచో శ్రమకును సొమ్మునకును గల సంబంధము తెలియును.

ఇంటి ఖర్చులో భాగము

పది దాటిన పిల్లలను ఇంటి ఖర్చులోనికి చేర్చుకొనవలెను. ఇందుకు కరెంటు బిల్లు మంచి పాఠ్యగ్రంథము. వేయి వాట్ల ఉపకరణము ఒక గంట నడచినచో ఒక యూనిట్. రెండువేల వాట్ల గీజరునకు అరగంట చాలును. డెబ్బదియైదు వాట్ల పాత ఫంకా మాత్రము అదే యూనిట్‌తో పదమూడు గంటలు తిరుగును. ప్రతి రాత్రియు మీటరు అంకె వ్రాయు పని పిల్లల కప్పగించి, మాసాంతమున బిల్లుతో సరిచూపవలెను. మన రెండు రాష్ట్రములలోను వాడకము పెరిగినకొలది పై యూనిట్లకు రేటు పెరుగును గనుక, ఆదా చేసిన యూనిట్లు అన్నిటికంటె ఖరీదైనవని వారే కనిపెట్టుదురు. తగ్గిన మొత్తములో సగము వారి సీసాలో పడినచో, ఎవ్వరును చెప్పకయే గదిలోని దీపము ఆరును.

పదేండ్లు నిండిన బిడ్డ బ్యాంకు ఖాతాను స్వయముగా నడుపుకొనవచ్చునని రిజర్వు బ్యాంకు 2014లోనే అనుమతించినది. 2025 ఏప్రిల్‌లో ఆ నియమములను మరల స్పష్టపరచినది. పరిమితులను ఆయా బ్యాంకులు నిర్ణయించును. తండ్రి ఫోనులో అంకె చూపుటకంటె, బిడ్డను వెంటబెట్టుకొని పోయి వాని సంతకముతో ఖాతా తెరిపించుట మేలు. రహస్యసంఖ్యను ప్రాణస్నేహితునికైనను చెప్పరాదనెడి పాఠము ఆనాడే మొదలు కావలెను.

వడ్డీ లెక్క

ప్రాయమున అడుగిడిన పిల్లలకు తెలియవలసినది వడ్డీ. మన పల్లెలలో వడ్డీని "నూటికి రెండు", "నూటికి మూడు" అందురు. వినుటకు చిన్న అంకె. అది నెలకు, ఏడాదికి నూటికి మూడు ముప్పదియారగును. కాగితము, పెన్సిలు ఇచ్చి ఒక లెక్క వేయింపవలెను. 10,000 రూపాయల అప్పు, నూటికి మూడు, నెలనెలా వడ్డీ అసలులో కలియును. రెండేండ్లకు ఎంత? వచ్చు జవాబు 20,328. ఒక్క వస్తువు క్రొత్తగా కొనకయే అప్పు రెట్టింపైనది. దీనికొక సులభసూత్రము గలదు: 72ను వడ్డీరేటుతో భాగించినచో రెట్టింపగు కాలము సుమారుగా తెలియును. అదే సూత్రముతో ఏటా నూటికి ఏడు చొప్పున దాచిన సొమ్ము పది సంవత్సరములలో రెట్టింపగునని చూపవచ్చును. ఒకే శక్తి అప్పులో శత్రువు, పొదుపులో మిత్రము.

ఇది వట్టి గణితము కాదు. 2020 డిసెంబరులో తెలంగాణమున ఋణ యాప్‌ల వేధింపులపై కేసులు నమోదైనవి. కొన్ని వేల రూపాయలు తీసికొన్నవారు అవమానములు భరింపలేక ప్రాణములు తీసికొనిరి. 2022లో రిజర్వు బ్యాంకు ఇట్టి అప్పులకు నియమములు విధించినది. కాని రాత్రివేళ ఒంటరిగా ఫోను పట్టుకొన్న యువకుని కాపాడునది నియమముకంటె ఎక్కువగా, "నాన్నా, పొరపాటు చేశాను" అని చెప్పగల చనువు. ఇంటిలో పది రూపాయల తప్పు చెప్పుకొని తిట్లు తినని పిల్లవాడే పదివేల తప్పును చెప్పుకొన గలుగును.

లేమియు, ఆడపిల్లయు

సొమ్ము లేని ఇంటిలో ఈ పాఠములేల యనవచ్చును. లేమి దోషము కాదు. దానిని దాచి అప్పు చేసి పప్పుకూడు వండుటయే దోషము. "ఈ నెల లేదు, వచ్చే నెల చూద్దాం" అని సిగ్గుపడక చెప్పు తల్లిదండ్రుల బిడ్డలు కొరతను అవమానముగా భావింపరు. 1990 దశకము ఆరంభమున నెల్లూరు జిల్లాలో సారాపై పోరాడిన స్త్రీలు దినమున కొక్క రూపాయి చొప్పున 'పొదుపులక్ష్మి'లో దాచిరి. వారిలో ధనవంతులెవ్వరు? నేడు పల్లెలోని తల్లి తన సంఘపు పాసుపుస్తకమును బిడ్డచేత చదివించినచో, అంతకంటె మంచి వాచకము లేదు.

ఆడపిల్లల విషయమున మరియొక మాట. మన తల్లులు పోపులడబ్బాలో నాణెములు దాచి ఎన్ని ఆపదలనో గట్టెక్కించిరి. కాని ఇంటి పద్దు వారి చేతికి రాలేదు. ఇంటి యజమాని హఠాత్తుగా కన్నుమూసిననాడు బీమా పత్రమెక్కడనో, ఖాతాకు నామినీ ఎవరో, ఎవరికి ఎంత ఈయవలెనో తెలియక ఆ ఇల్లాలు దుఃఖించుటకైనను తీరిక లేక కార్యాలయముల చుట్టు తిరుగుచుండును. సంవత్సరమున కొకమారు, ఉగాదికి ఇల్లు దులుపుకొన్నట్లే, బీరువాలోని కాగితములను కొడుకు, కూతురు ఇరువురి ఎదుటను పరచి, పేర్లు చదివించి, ఒక జాబితా వ్రాయించుట ప్రతి గృహమునకును విధి. ఇందుకు పైసా ఖర్చు లేదు.

దుకాణము ముందరి బాలునికిని ఉపాయము లేకపోలేదు. వచ్చే ఆదివారము తండ్రి వారపు కూరలసొమ్మును నోట్లుగా తెచ్చి వాని చేతికీయవచ్చును. వంకాయల వద్ద ఒక నోటు, టమాటాల వద్ద ఒక నోటు వాడే ఇచ్చును. తిరుగుదారిలో బొమ్మకారు కనబడును. వాడు జేబు తడిమి చూచుకొనును. మిగిలిన దెంతయో ఇంటికి వచ్చి వంకరటింకర అక్షరములతో వ్రాయును: నిల్వ 15. తండ్రి ఏమియు బోధింప నక్కరలేదు. ఆ పుస్తకమును మరుసటి ఆదివారము వరకు పోకుండ కాపాడినచో చాలును.