సైకిల్ పోటీకి నిర్ణేతల శిక్షణే రక్ష
నల్గొండ: సైకిల్ పోటీ నిర్వహణ అంటే జెండా ఊపడం మాత్రమే కాదు. సాగర్ రహదారి, జడ్చర్ల వంటి రద్దీ మార్గాల్లో పోటీ పెడితే, మలుపు వద్ద నిలిచే వాలంటీరు అప్రమత్తతపైనే క్రీడాకారుల ప్రాణాలు ఆధారపడి ఉంటాయి.

పోటీ నిర్ణేతలను ‘కమిసైర్లు’ అంటారు. శిక్షణలో ప్రధానంగా నేర్వాల్సినవి ఇవి.

* టైమ్ ట్రయల్‌లో ఒక్కొక్కరిని నిర్ణీత వ్యవధిలో వదలాలి. మరొకరి వెనుక గాలి చాటున తొక్కడం నిషిద్ధం.

* ముందు చక్రం టైరు అంచు గీతను తాకగానే ముగింపుగా లెక్కించాలి.

* హెల్మెట్ లేనివారిని అనుమతించరాదు. 2003 మార్చిలో ప్యారిస్-నీస్ పోటీలో కింద పడి కజకిస్థాన్ క్రీడాకారుడు ఆంద్రే కివిలేవ్ మరణించాక, అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య దీనిని తప్పనిసరి చేసింది.

వాలంటీర్లకు ఈల, జెండా, స్టాప్‌వాచీ, నంబర్ల జాబితా, ప్రథమ చికిత్స పెట్టె సమకూర్చాలి. ముందురోజే మార్గమంతా చూపించాలి.