గాలికి గ్యారంటీ ఎవరిది?

అన్నయ్య అమెరికా నుంచి వస్తున్నాడంటే ఒకప్పుడు కెమెరా తెమ్మనేవారు. తర్వాత ఐఫోన్, ఆ తర్వాత లాప్‌టాప్. ఇప్పుడా జాబితాలో నీటి అడుగున ఊపిరి అందించే స్కూబా రెగ్యులేటర్ కూడా చేరింది. అండమాన్‌లోని హేవ్‌లాక్‌లోనో, మురుడేశ్వర్ దగ్గరి నేత్రానిలోనో, మన రుషికొండలోనో డైవింగ్ రుచి మరిగిన హైదరాబాద్ కుర్రకారు ఒకటి రెండు సెలవులు గడిచేసరికి సొంత సామాను మీద పడతారు. వాళ్లనేం తప్పు పట్టలేం. పదిమంది కొరికిన మౌత్‌పీస్ నోట్లో పెట్టుకోవడం ఎవరికి మాత్రం సరదా? నెట్‌లో వెతికితే అదే కంపెనీ, అదే మోడల్, అదే పెట్టె. ఒక చోట పూర్తి ధర, ఇంకో చోట కళ్లు తిప్పుకోలేనంత తగ్గింపు. తగ్గించిన చోట కింద చిన్న అక్షరాల్లో మాత్రం ఓ మాట ఉంటుంది: తయారీదారు వారంటీ వర్తించదు, మా దుకాణం వారంటీ ఇస్తాం.

ఇది చూడగానే చాలామందికి నకిలీ సరుకేమోనని అనుమానం వస్తుంది. పేరున్న దుకాణాల్లో అయితే సాధారణంగా కాదు. మన్‌హట్టన్‌లోని లీజర్ ప్రో ఇలాంటి తగ్గింపు అమ్మకాలకు ప్రపంచమంతా పేరుపడింది. తయారీదారు పూచీ లేని వస్తువులకు ఆ దుకాణమే పూచీ పడుతుంది. సరుకు అసలుదే, వచ్చిన దారి వేరు. దీన్నే గ్రే మార్కెట్ అంటారు.

ఆ దారి ఎలా పడిందో తెలియాలంటే డైవ్ షాపు బతుకు తెలియాలి. స్కూబా నేర్పేదీ, సిలిండర్‌లో గాలి నింపేదీ, సామాను అమ్మేదీ, పాడైతే విప్పి బాగుచేసేదీ ఒకే దుకాణం. కోర్సు మీద మిగిలేది అంతంత మాత్రం, లాభమంతా సామాను మీదే. అందుకే స్కూబాప్రో, ఆక్వాలంగ్, మారెస్ లాంటి కంపెనీలు ఏళ్ల తరబడి ఈ డీలర్లనే నమ్ముకుని, వాళ్ల ధర పడిపోకుండా కాపు కాశాయి. ఇంత కంటే తక్కువకు అమ్మకూడదని తయారీదారు షరతు పెట్టడం అమెరికాలో 1911లోనే కోర్టు తీర్పుతో నేరుగా చట్టవిరుద్ధమైంది. 2007లో లీజిన్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు ఆ నియమాన్ని తీసేసి, ఏ కేసుకా కేసు మంచిచెడ్డలు చూడాలంది. అధీకృత వెబ్‌సైట్లన్నిటిలో ధర డాలరు కూడా తేడా లేకుండా కనిపించడం వెనక ఇలాంటి షరతులే ఉంటాయి. ఇక ఏ దేశంలోనో ఓ డీలరు టోకు తగ్గింపు కోసం అవసరానికి మించి ఆర్డరు పెడతాడు. మిగిలింది వెనక గుమ్మం నుంచి బయటికి పంపేస్తాడు. అది తిరిగి తిరిగి తగ్గింపు దుకాణం గోదాములో తేలుతుంది.

ఫోనైతే ఇంతటితో ఆపేయొచ్చు. ఇది ఊపిరి వ్యవహారం. 1943లో ఫ్రాన్సులో జాక్ కూస్తో, ఎమీల్ గాన్యాన్ కలిసి తయారుచేసిన యంత్రానికి మనవడు ఈ రెగ్యులేటర్. వంటింట్లో గ్యాస్ బండ మీద బిగించే రెగ్యులేటర్‌ది కూడా ఒక రకంగా ఇదే పని, ఒత్తిడి తగ్గించడం. కాకపోతే ఇక్కడ సిలిండర్‌లో 200 బార్ల గాలి ఉంటుంది. సిలిండర్‌కు తగిలించే ఫస్ట్ స్టేజ్ దాన్ని చుట్టూ ఉన్న నీటి ఒత్తిడి కంటే తొమ్మిది, పది బార్లు ఎక్కువ ఉండేలా దించుతుంది. నోట్లో ఉండే సెకండ్ స్టేజ్ మిగతాది దించి, పీల్చుకోగలిగిన గాలి చేస్తుంది.

దాన్ని సర్వీసింగ్ బల్ల మీద విప్పగా చూస్తే వారంటీ గొడవ చాలావరకు అర్థమవుతుంది. మెకానిక్ ముందుగా గాలి లోపలికి వెళ్లే చోట ఉండే చిన్న ఫిల్టర్ చూస్తాడు. పచ్చటి చిలుము కనిపించిందా, ఎవరో మూత పెట్టకుండా కడిగారని లెక్క, ఉప్పునీరు లోపలికి పోయింది. ఇత్తడి భాగాలను అల్ట్రాసోనిక్ తొట్టిలో వేస్తే తెల్లటి ఉప్పు పెచ్చులు ఊడి వస్తాయి. ఆ తర్వాత భూతద్దం కింద సీటు. గోరు మీద పట్టేంత ప్లాస్టిక్ ముక్క అది. 200 బార్లను ఆపి పట్టేది అదే. వాడగా వాడగా దాని ముఖం మీద గుండ్రటి గాడి పడుతుంది. ఆ సీటునూ, గాలి కారకుండా ఆపే రబ్బరు ఓ-రింగులన్నిటినీ మార్చి, మళ్లీ బిగించి, గేజీ తగిలించి గాలి వదులుతాడు. ముల్లు ఓ అంకె దగ్గర ఆగి అక్కడే నిలబడాలి. మెల్లగా పైకి పాకుతోందంటే సీటు పట్టడం లేదన్నమాట. అలాంటిది నీళ్లలోకి వెళ్తే గాలి ఆగకుండా బుసబుసా బయటికి కొడుతుంది. లోతులో ఉన్నవాడి సిలిండర్ నిమిషాల్లో ఖాళీ అవుతుంది.

ఆ సీటు, ఓ-రింగులు కలిపి వచ్చే పొట్లమే సర్వీస్ కిట్. మోడల్ మారితే కిట్ మారుతుంది. కంపెనీలు కిట్లనూ, ఏ మర ఎంత బిగించాలో చెప్పే మాన్యువల్‌నూ మామూలుగా తమ డీలర్లకే ఇస్తాయి. తయారీ లోపం ఉంటే తొలి ఏడాదిలోనే చాలావరకు బయటపడుతుంది. అసలు ఖర్చు ఆ తర్వాత ఏళ్ల తరబడి సాగే సర్వీసింగ్‌ది. అమెరికాలో కొన్ని కంపెనీలు జీవితాంతం విడిభాగాలు ఉచితమని మాటిస్తాయి. షరతులేమిటంటే, మొదటి యజమాని అయి ఉండాలి, అధీకృత డీలరు బిల్లుండాలి, గడువు తప్పకుండా వాళ్ల వర్క్‌షాపులోనే సర్వీసింగ్ చేయించాలి. ఒకసారి తప్పితే మాట చెల్లదు. గ్రే మార్కెట్లో కొన్నవాడు మొదటి రోజు నుంచే ఈ లెక్కలో లేడు. కూలీ ఎవరికైనా తప్పదు కాబట్టి అతను అదనంగా కట్టేది కిట్ ఖరీదు.

డీలర్లు ఇక్కడ కొంచెం భయపెడతారు. ఆన్‌లైన్‌లో కొన్న రెగ్యులేటర్‌తో దిగితే ప్రాణానికి పూచీ లేదన్నట్టు మాట్లాడతారు. నాకది అతిగా తోస్తుంది. ఒకే బెంచీ మీద తయారైన రెండు రెగ్యులేటర్లలో బిల్లును బట్టి ఒకటి ప్రమాదకరం కాజాలదు. తగ్గింపు దుకాణం చెప్పే ‘కంపెనీ వారంటీకి ఏమాత్రం తీసిపోదు’ అన్న మాట కూడా సగమే నిజం. ఏ తేడా వచ్చినా పార్సిల్ కట్టి ఆ దుకాణానికే పంపాలి. న్యూజెర్సీలో ఉండేవాళ్లకు అదో లెక్క కాదు. కూకట్‌పల్లి నుంచి పంపాలంటే రానూపోనూ కొరియరు, కస్టమ్స్ కలిపి తగ్గింపును కాస్తా మింగేస్తాయి.

మనవాళ్లు సాధారణంగా పట్టించుకోని సంగతి ఇంకొకటుంది. అన్నయ్య పూర్తి ధర పెట్టి అధీకృత డీలరు దగ్గరే కొన్నాడనుకోండి. ఆ ఉచిత విడిభాగాల ఒప్పందం అక్కడి డీలర్లతో చేసుకున్నది. హైదరాబాద్‌లో సముద్రమే లేదు, గడువు గడువుకీ అక్కడి సర్వీసింగ్ బల్ల దగ్గరికి ఎవరు పట్టుకెళ్తారు? ఎక్కడ సర్వీసింగ్ చేయిస్తారో తేల్చుకోకుండా వారంటీ కోసం అదనంగా పెట్టే డబ్బు ఇక్కడుండేవాడికి చాలావరకు దండగేనని నా లెక్క.

మన చట్టం గ్రే సరుకును తప్పు పట్టలేదు. శాంసంగ్ ప్రింటర్ల కేసులో 2012లో ఢిల్లీ హైకోర్టు ధర్మాసనం, అసలు సరుకును వేరే దారిలో దిగుమతి చేసి అమ్ముకోవచ్చంది. అయితే దీనికి శాంసంగ్ పూచీ లేదు, సర్వీసు లేదు అని దుకాణంలో స్పష్టంగా బోర్డు పెట్టాలని షరతు విధించింది.

ఏది ఎక్కడ కొనాలి? ఫిన్స్, వెట్‌సూట్ ఎక్కడ చౌకైతే అక్కడే, వాటికి వారంటీ మాటే అనవసరం. మాస్క్ మాత్రం ముఖానికి పెట్టి చూసుకుని కొనాలి. డైవ్ కంప్యూటర్ దగ్గర నేను పూర్తి ధర పక్షం. దాన్ని విప్పి బాగుచేసే వీధి మెకానిక్ ఉండడు. పీడనం కొలిచే సెన్సర్ పోతే కంపెనీ మార్చి ఇవ్వాల్సిందే. లోపం కనిపెట్టి కంపెనీ వెనక్కి పిలిస్తే ఆ కబురు అందాలన్నా సీరియల్ నంబరు మీ పేర నమోదై ఉండాలి. పెట్టె మీదో, వస్తువు మీదో ఆ నంబరు గీకేసి ఉంటే ఎంత చవకైనా వెనక్కి పంపేయండి.

రెగ్యులేటర్ విషయంలో సిలిండర్‌కు తగిలించే బిగింపు ఏ రకమో చూసుకోండి. యూరప్ దారిన వచ్చింది మరతో తిప్పే డిన్ రకం కావచ్చు, మన డైవ్ సెంటర్లలో ఎక్కువగా కనిపించేది సిలిండర్ వాల్వ్ చుట్టూ పట్టి బిగించే యోక్ రకం. అడాప్టర్ దొరుకుతుంది, దానికి మళ్లీ ఖర్చు. ఆర్డరు నొక్కే ముందు మీరు మామూలుగా డైవింగ్‌కు వెళ్లే చోట సర్వీసింగ్ చేసే మనిషికి ఫోన్ చేసి మోడల్ పేరు చెప్పండి. ‘దీని కిట్ మీకు దొరుకుతుందా, ఎన్నాళ్లకు వస్తుంది, ఎంతవుతుంది?’ అని అడగండి. దొరుకుతుందంటే తగ్గింపు ధరకు నిశ్చింతగా తెప్పించుకోవచ్చు. నసిగితే ఆయన దగ్గర ఏ కంపెనీ కిట్లు ఎప్పుడూ ఉంటాయో కనుక్కుని, అన్నయ్యకు ఆ పేరు పంపించండి.