ఆపదలో మన పిలుపు ఎక్కడికి పోవును?

మా ఎనిమిదవ తరగతి బాలుడొకడు వర్షకాలములో ఒకనాడు పాఠము మధ్యమున లేచి నన్నిట్లడిగెను: "అయ్యా, టెలిఫోనులో 108 అని నొక్కినచో ఆ మాట వినువారెవరు? వారెక్కడ కూర్చుండి యుందురు? మన ఊరు వారికెట్లు తెలియును?" మొదటి రెండు ప్రశ్నలకు నాకు తెలిసినంత సమాధానము చెప్పితిని. మూడవదానికి తడబడితిని. అందుకు నా సొంత జీవితములో ఒక కారణమున్నది; దానిని ఈ వ్యాసములోనే ముందు వ్రాసెదను. వార్షిక సంచికకు ఏదైన వ్రాయుడని సంపాదకులు కోరినప్పుడు ఆ బాలుని ప్రశ్నయే నాకు తోచినది.

ఆపద కలిగినప్పుడు పిలుపు రెండు దిక్కుల నడచును. కష్టములో నున్నవాడు సహాయము చేయువారిని పిలుచుట ఒకటి. రానున్న అపాయమును ముందుగా కనిపెట్టినవారు ప్రజలను హెచ్చరించుట రెండవది. ఇంగ్లండు దేశములో మొదటి ఏర్పాటు ఒక అగ్నిప్రమాదమునుండి పుట్టినది. 1935వ సంవత్సరము నవంబరు నెలలో లండను నగరమున వింపోల్ వీధిలో ఒక ఇల్లు తగులబడి అయిదుగురు స్త్రీలు మరణించిరి. ఆ మంటలు చూచిన పొరుగువాడు టెలిఫోను చేయగా, ఎక్స్ఛేంజిలో పిలుపులు వరుసకట్టి యుండుటచేత అతని పిలుపు నెవరును అందుకొనరైరి. అతడు కోపించి పత్రికకు జాబు వ్రాసెను. అటుపిమ్మట జరిగిన విచారణ ఫలితముగా 1937 జూను 30వ తేదీన 999 అను సంఖ్య లండనులో వాడుకలోనికి వచ్చెను. ఎవరైన నా సంఖ్యను త్రిప్పినచో ఎక్స్ఛేంజిలో ఎఱ్ఱదీపము వెలిగి బూర మ్రోగునట్లు అమర్చిరి. అమెరికాలో 911 అను సంఖ్య 1968లో గాని రాలేదు.

మన కృష్ణా ముఖద్వార సీమలో మాత్రము ఈ కథ సముద్రముతో ఆరంభమగును. 1864వ సంవత్సరము నవంబరు 1వ తేదీ రాత్రి బందరుమీదికి వచ్చిన తుపానులో సముద్రము సాధారణపు పోటుకంటె సుమారు 13 అడుగులు ఎత్తుగా లేచి, మైళ్లకొలది లోపలికి వచ్చెను. పట్టణములోను చుట్టుపట్ల గ్రామములలోను కలిపి 30,000 మంది మరణించిరని నాటి లెక్క. నోబిలు దొరగారు 1843లో స్థాపించిన పాఠశాల అప్పటికి ఇరువదియొక యేండ్లది. డచ్చివారు, ఇంగ్లీషువారు ఏలిన ఓడరేవు. తంతి తపాలా దేశములో నెలకొనియే యున్నది. అయినను సముద్రము వచ్చుచున్నదని ఆ రాత్రి ఎవరును ఎవరికిని చెప్పలేదు. చెప్పుటకు తెలిసినవారు లేకుండిరి.

ఆ యేడే, బందరు తుపానునకు ఒక నెల ముందు, అక్టోబరు 5వ తేదీన కలకత్తాలోను గొప్ప తుపాను వచ్చి వేలకొలది జనము నశించిరి. దొరతనమువారు కన్నులు తెరచిరి. 1865లో కలకత్తా రేవునకు తుపాను హెచ్చరికలు పంపు ఏర్పాటు జరిగెను. పది యేండ్లకు, అనగా 1875లో, భారత వాతావరణ శాఖ ఏర్పడెను. క్రమముగా తీరమునందలి రేవులన్నిటికిని ఒకే విధమైన హెచ్చరిక గుర్తులు వచ్చినవి. పగటివేళ జెండాకొయ్యమీద శంకువులు, పీపాల యాకారములు. రాత్రివేళ ఎఱ్ఱ, తెల్ల దీపములు.

ఈ గుర్తులకు 1 మొదలు 11 వరకు సంఖ్యలున్నవి. "మచిలీపట్నము ఓడరేవులో ఇన్నవ నంబరు ప్రమాద హెచ్చరిక ఎగురవేసిరి" అని రేడియోలో వినని ఇల్లు మన జిల్లాలో ఉండదు. గుడివాడవంటి లోతట్టు పట్టణములవారు కూడ ఆ మాట విని వరికుప్పలను కప్పుకొందురు. అయినను దాని యర్థము తెలిసినవారు తక్కువ. సంఖ్య పెరిగినకొలది గాలి బలము పెరుగునని మన నమ్మకము. అది కొంతవరకే నిజము. 1, 2 దూరపు హెచ్చరికలు. 3, 4 స్థానికపు హెచ్చరికలు. 5, 6, 7 మూడును ఒకే తరగతి ప్రమాదమును తెలుపును: తుపాను రేవును తన ఎడమ ప్రక్కన విడిచిపోవునెడల 5, కుడి ప్రక్కన విడిచిపోవునెడల 6, రేవు మీదుగా గాని మిక్కిలి సమీపముగా గాని పోవునెడల 7. అట్లే మహాప్రమాదమునకు 8, 9, 10. కావున 5 కంటె 6 భయంకరమని తలచుట పొరపాటు. అయితే ఏ ప్రక్క యనునది చిన్న సంగతియు కాదు. ఎందుచేతనో క్రింద చూతము.

అన్నిటికంటె నాకు ఆశ్చర్యము కలిగించునది 11వ గుర్తు. హెచ్చరిక పంపు కార్యాలయముతో సంబంధము తెగిపోయినదనియు, వాతావరణము ప్రమాదకరముగా మారగలదని స్థానికాధికారి యెంచుచున్నాడనియు దాని యర్థము. వార్త రాకపోవుటయే ఒక వార్త యని ఆ కాలపువారు గ్రహించిరి.

ఈ గ్రహింపు మన సీమకు ఎంత అవసరమో 1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీ శనివారమున తెలిసినది. వారము రోజుల ముందే, 12వ తేదీన, మరియొక తుపాను తమిళదేశమున నాగపట్టణము నొద్ద తీరము దాటెను. దాని వెనుకనే రెండవది పుట్టి, సాయంకాలము చీరాల సమీపమున తీరము దాటెను. గాలి గంటకు 200 కిలోమీటర్లు మించి వీచెను. తుపాను కేంద్రము చీరాలలో. చచ్చినవారు ఎక్కువగా దివిసీమలో! చిన్నతనమున నాకిది అర్థమయ్యెడిది కాదు. కారణమేమనగా, మన అర్ధగోళములో తుపాను గాలులు గడియారపు ముల్లునకు ఎదురుగా తిరుగును. కావున తుపాను సాగు దిక్కునకు కుడి ప్రక్కన గాలి సముద్రమునుండి నేలమీదికి వీచును. ఎడమ ప్రక్కన నేలనుండి సముద్రముమీదికి వీచును. చీరాలకు కుడి ప్రక్కన తీరమున నున్నది దివిసీమ. అచ్చట సముద్రము లోతు తక్కువ, నేల పల్లము. త్రోయబడిన నీటికి పోవుటకు వేరు చోటు లేక అయిదు మీటర్ల ఎత్తున లేచి పొలములమీద పడెను. నాగాయలంక, కోడూరు ప్రాంతములలోని పల్లెలు, సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి మొదలగునవి, ఆ నీటి పాలైనవి. పదివేలమంది మరణించిరని ప్రభుత్వపు లెక్క. ఇంకను చాల హెచ్చని ఆ ఊళ్లవారు చెప్పుదురు. నీరు చేరిన తుదిచోట, అవనిగడ్డ సమీపమున, స్మారకస్తంభ మొకటి నిలిపిరి. బస్సులో పోవు మన విద్యార్థులు దానిని చూచుచునే యుందురు.

తుపాను వచ్చుచున్నదని రేడియో చెప్పకపోలేదు. కాని రేడియో లేని గుడిసె కెవరు చెప్పుదురు? చెప్పినను, గాలి వచ్చుననుట వేరు, సముద్రము తాటిచెట్టు నడుము దాక వచ్చుననుట వేరు. తుపాను తరువాత తంతిస్తంభములు కూలి, దారులు చెట్లతో మూసికొనిపోయి, దివిసీమ మునిగిన వార్త వెంటనే వెలుపలికి చేరలేదు. కృష్ణ పులిగడ్డ యొద్ద రెండుగా చీలి చుట్టివచ్చిన సీమ యది, దీవి వంటిది. పిలుపు లోపలికి రాలేదు, వెలుపలికి పోలేదు.

తరువాత జరిగిన పనులలో ముఖ్యమైనవి మాత్రము చెప్పెదను. తీరమున తుపాను రక్షణ భవనములు కట్టిరి. 1981లో బందరులో తుపానులను కనిపెట్టు రాడారు నెలకొల్పిరి. 2004లో దాని స్థానమున డాప్లరు రాడారు వచ్చెను. ఇది సముద్రముమీద నాలుగువందల కిలోమీటర్ల దూరమునందలి మేఘములను చూడగలదు. గాలి వేగమును కూడ కొలుచును. విశాఖపట్టణములో 1974లోనే ఏర్పడిన తుపాను హెచ్చరిక కేంద్రము ఈ సమాచారమును, ఉపగ్రహములు పంపు చిత్రములను కలిపి చూచి, తీరము దాటుటకు 72 గంటలు ముందు ఒక సూచన, 48 గంటలు ముందు ఒకటి, 24 గంటలు ముందు ఒకటి, 12 గంటలు ముందు ఒకటి వెలువరించును. జిల్లా కలెక్టరు కార్యాలయమునందలి కంట్రోలు రూము దానిని మండలమునకును, మండలమువారు గ్రామమునకును పంపుదురు. 1990 మే 9వ తేదీన కృష్ణ ముఖద్వారము నొద్ద తీరము దాటిన తుపాను 1977 నాటిదానికి తీసిపోనిది. కాని అప్పుడు లక్షలకొలది జనమును ముందుగానే కదలించిరి. మరణించినవారు వేయికి లోపు. అదియు తక్కువ కాదు. కాని పదివేలు కాదు.

ఇక బాలుడడిగిన 108 సంగతి. ఈ సేవ 2005లో హైదరాబాదునందు ఎమర్జెన్సీ మేనేజిమెంటు అండ్ రీసెర్చి ఇన్‌స్టిట్యూట్ అను సంస్థ ప్రభుత్వముతో కలిసి ఆరంభించినది. పిమ్మట అనేక రాష్ట్రములు దీనిని గైకొన్నవి. మన రాష్ట్రములో 2020 జూలై 1వ తేదీన విజయవాడ బెంజి సర్కిలు నొద్ద 108, 104 సేవలకు 1,088 వాహనములు ఒక్కమారే బయలుదేరినవి. పిలుపు వినువారు మన ఊరిలో ఉండరు. రాష్ట్రమునకంతకు ఒకే కేంద్రములో వరుసగా కూర్చుండి, చెవులకు సాధనములు తగిలించుకొని, పగలు రాత్రి యనక విందురు. వినువాడు మూడు సంగతులు రాసికొనును: ఏమి జరిగినది, ఎక్కడ జరిగినది, తిరిగి పిలుచుటకు ఏ నంబరు. ఆ కాగితము (నిజమునకు కాగితము కాదు, యంత్రపు తెర) తక్షణమే మరియొకని కడకు పోవును. అతని యెదుట అంబులెన్సులు ఎచ్చట నున్నవో తెలుపు పటముండును. దగ్గరగా, ఖాళీగా నున్న బండిని అతడు పంపును. బండి తోలువానిని పైలటు అందురు. అతనితో ప్రథమ చికిత్స నేర్చిన యుద్యోగి యొకడుండును. బండి దారిలో నుండగా, కేంద్రములో కూర్చున్న వైద్యుడు టెలిఫోనులో సలహా చెప్పును. వినువాడు ప్రశ్నలడుగుచున్నాడని కోపపడకుడు. అతడు అడుగుచుండగనే బండి కదలియుండవచ్చును.

ఇప్పుడు నా కథ. కొన్ని యేండ్ల క్రిందట కోతల కాలమున మా అన్నగారిని చేనిలో రక్తపింజర కరచినది. నేను గట్టుమీద నుండియే సహాయము కోరి టెలిఫోను చేసితిని. ఏ ఊరని అడిగిరి. "కొత్తపాలెము" అంటిని. ఏ కొత్తపాలెము, ఏ మండలము అని అడిగిరి. మన సీమలో కొత్తపాలెములు, కొత్తపేటలు ఎన్ని యున్నవో మీకు తెలియును. నేను ఉపాధ్యాయుడను, పిల్లలకు భూగోళము చెప్పువాడను. అయినను ఆ క్షణమున మండలము పేరు నా నోట తప్పు వచ్చినది. కాలువ కవతల నున్న మండలము చెప్పితిని. తప్పు గ్రహించి తిరిగి చెప్పునప్పటికి బండి చాల దూరము వేరు దారిని పోయియుండెను. అన్నగారు బ్రతికిరి గాని, ఒక కాలి రెండు వ్రేళ్లు పోయినవి. ఇప్పటికిని ఆయన నన్నొక మాట యనలేదు. వదినగారు మాత్రము పండుగకు వెళ్లినప్పుడెల్ల "ఏ మండలము మాస్టారూ మనది?" అని నవ్వుచు అడుగును. ఆ నవ్వు నాకు మందువలె చేదుగా నుండును.

చేతి టెలిఫోనులు తామున్న చోటును కొంతవరకు తెలుపగలవు గదా యని మీరనవచ్చును. పట్టణములో అది నిజమే. కాని పల్లెలలో స్తంభములు దూరదూరముగా నుండుటచేత గుర్తు పొరపాటు పడవచ్చును. ఎదురుమొండివంటి దీవులకు బహుకాలము పంటుమీద దాటుటయే గతి. పటములో దగ్గరగా కనబడిన బండికి ఏరు అడ్డము. అందుచేత ఊరి పేరు, మండలము పేరు, చేరువనున్న గుడియో, చర్చియో, వంతెనయో, రైసు మిల్లో చెప్పవలెను. ఏ కాలువకు ఏ గట్టున ఉన్నదో చెప్పిన మరియు మంచిది. ఒకనిని రోడ్డు మలుపునకు పంపి నిలువబెట్టవలెను, రాత్రియైన దీపముతో. వారు చాలునని చెప్పువరకు టెలిఫోను పెట్టివేయరాదు.

108 మాత్రమే కాదు. పోలీసు, అగ్నిమాపకము, వైద్యము మూటికిని కలిపి 112 అను సంఖ్య దేశమంతట ఏర్పడినది. తుపాను, వరద విషయములకు జిల్లా కంట్రోలు రూము సంఖ్య 1077, రాష్ట్రమునది 1070. సముద్రముమీద వేటకు పోవు తండ్రులు, అన్నలు గల పిల్లలు 1554 అను తీరరక్షక దళపు సంఖ్యను కూడ కంఠస్థము చేయవలెను. ఆటకోసము ఈ సంఖ్యలను నొక్కు పిల్లలున్నారని విందును. అట్టివారు వింపోల్ వీధి కథను మరల చదువవలెను. ఎక్స్ఛేంజిలో వరుస పెరుగుట యనగా నేమో అందులో నున్నది.

పెను తుపానులో స్తంభములు కూలి టెలిఫోనులన్నియు మూగవోయినచో? అప్పుడు 11వ గుర్తు మరల మన పనికి వచ్చును. మాట రాలేదని ఊరకుండక, రాకపోవుటనే హెచ్చరికగా నెంచి రక్షణ భవనమునకు నడువవలసి యుండును.

ఆ బాలుడు ప్రశ్న యడిగిన మరునాడు నేను తరగతిలో అందరికిని చిన్న అట్టముక్కలు పంచి, ఇంటి చిరునామా, మండలము, దగ్గరి గుర్తు వ్రాసి తెండని చెప్పితిని. మొదటి దినమున సగముమంది మండలము తప్పు వ్రాసిరి. ఇద్దరు "మాస్టారి ఇంటి ప్రక్కన" అని వ్రాసిరి. రెండవ వారమునకు అన్నియు సరిగా వచ్చినవి. ఒక బాలిక తన అట్టను ఇంటిలో టెలిఫోను పెట్టు గూటిమీద మైదాజిగురుతో అంటించితినని చెప్పెను. వాళ్ల నాయనమ్మకు చదువు రాదట. ఆమెకు కూడ ఊరి పేరు, మండలము పేరు, మిల్లు పేరు వరుసగా చెప్పుట నేర్పి, ప్రతి రాత్రి ఒప్పజెప్పించుకొనుచున్నదట.