పగ్గములు లేని బండి

పాపిరెడ్డిపట్టి పిల్లలకు మంచనగా ధనుర్మాసపు వేకువను గడ్డిపరకలపై నిలుచు నీటిబొట్లే. అట్టివారికి ఈ యేడు మా పాఠశాలలో అలాస్కా కుక్కబండ్ల చలనచిత్ర మొకటి చూపితిమి. తోలువాడు బండి వెనుక నిలుచుట చూచి యొక బాలుడు, “అయ్యా, పగ్గములేవి?” అని యడిగెను. ఆ ప్రశ్న మాకు మిక్కిలి నచ్చినది. దానికి మేము చెప్పిన సమాధానమునే తల్లిదండ్రులకును విన్నవించుచున్నాము.

ఆ బండికి చక్రములు లేవు. మంచుపై జారు రెండు బద్దలు మాత్రమే యుండును. ముందునకు పొడవైన మోకు, దాని కిరువైపుల జంటలుగా హస్కీ కుక్కలు. ఇవి సైబీరియాలోని చుక్చీ జనులు పెంచిన జాతి. 1909 ప్రాంతమున అలాస్కాకు చేరినవి. బరువు 16 మొదలు 27 కిలోల వరకే. అయినను బయలుదేరు వేళ వాటి ఆత్రము చెప్ప నలవి కాదు. మొఱుగును, ఎగురును, మోకును గుంజును. బండిని చెట్టునకు కట్టియుంచనిచో తోలువానిని విడిచియే పోవును! కట్టు విప్పిన మరుక్షణము గోల యంతయు అణగును. పాదముల చప్పుడును, బద్దల ఒరపిడియును తప్ప మఱేమియు వినరాదు. చూచుచున్న పిల్లలును అప్పుడు మౌనము వహించిరి.

ఇక పగ్గముల మాట. అక్కడ పగ్గము నోటిమాటయే. “జీ” యనిన కుడికి, “హా” యనిన ఎడమకు. ముందు నడుచు కుక్క కివి తెలిసిన చాలును. తక్కినవి దాని వెంట పోవును. ఈ మాటలు మంచుసీమలో పుట్టినవి కావు. ఇంగ్లీషు రైతులు ఎద్దులను, గుఱ్ఱములను తోలిన మాటలే అంతదూరము పోయినవి. మన తాతలకు దాపటి యెద్దు, వలపటి యెద్దు ఉన్నట్లే. వీటిలో ఏది ఎడమ, ఏది కుడి యని తరగతిలో నడుగగా ముగ్గురే చేతులెత్తిరి. ఆ ముగ్గురి యిండ్లలోను తాతలున్నారు.

మాటకును హద్దున్నది. 1925 జనవరిలో నోమ్ పట్టణపు బిడ్డలకు కంఠసర్పి సోకగా, 20 మంది తోలువారు మందును ఒకరినుండి యొకరు అందుకొనుచు 674 మైళ్లు అయిదున్నర దినములలో చేర్చిరి. తుది తోలువాడు గున్నర్ కాసెన్‌కు మంచుతుపానులో తన కుక్కలే కానరాలేదు. ఏమని చెప్పగలడు? బాల్టో యను కుక్కయే త్రోవ పట్టుకొని, ఫిబ్రవరి 2 వేకువకు బండిని నోమ్ చేర్చినది.

ఎద్దులను తోలుటకు, నిలుపుటకు, మళ్లించుటకు మీ యిండ్లలో నింకను వినబడు మాటలను పిల్లలచే వ్రాయించి మాకు పంపగోరెదము.