లీడిగ్ కణాలు

లీడిగ్ కణాలు పురుషుల వృషణాలలో టెస్టోస్టిరాన్ అనే హార్మోనును ఉత్పత్తి చేసే కణాలు. వీటిని అంతరాళ కణాలు అని కూడా అంటారు. శుక్రకణాలు శుక్రోత్పాదక నాళికల లోపల తయారవుతాయి. లీడిగ్ కణాలు మాత్రం ఆ నాళికల మధ్యనున్న సంయోజక కణజాలంలో, రక్తకేశనాళికల చెంత గుంపులుగా ఉంటాయి. ఇవి తయారుచేసే హార్మోను శుక్రవాహిక ద్వారా కాక నేరుగా రక్తంలో కలుస్తుంది. ఈ ఒక్క తేడా తెలియకపోవడం వల్లనే అనేక అపోహలు పుట్టాయి.

చరిత్ర

జర్మనీకి చెందిన ఫ్రాంజ్ లీడిగ్ 1850లో ఈ కణాలను వర్ణించాడు. అయితే వీటి పని ఏమిటో అర్ధ శతాబ్దం పాటు స్పష్టం కాలేదు. 1903లో ఫ్రెంచి శాస్త్రవేత్తలు పోల్ బువాన్, పాల్ ఆన్సెల్ జంతువులలో శుక్రవాహికలను ముడివేసి పరిశీలించారు. శుక్రకణాలనిచ్చే కణజాలం క్షీణించినా లీడిగ్ కణాలు నిలిచాయి, వాటితోపాటు మగ లక్షణాలూ నిలిచాయి.

పనిచేసే విధానం

పీయూష గ్రంథి స్రవించే ల్యూటినైజింగ్ హార్మోను ఈ కణాలను ప్రేరేపిస్తుంది. అప్పుడు కొలెస్టిరాల్ మైటోకాండ్రియాలో ప్రెగ్నెనలోన్‌గా మారుతుంది. తరువాతి మార్పులు నునుపు అంతర్జీవ ద్రవ్యజాలంలో జరిగి టెస్టోస్టిరాన్ ఏర్పడుతుంది. రక్తంలో దీని స్థాయి పెరిగితే హైపోథాలమస్, పీయూష గ్రంథి తమ ప్రేరణను తగ్గిస్తాయి.

పిండదశలో సుమారు 8వ వారం నుండే ఇవి పనిచేస్తూ మగ జననాంగాల రూపకల్పనకు తోడ్పడతాయి. బాల్యంలో స్తబ్ధంగా ఉండి, యుక్తవయస్సులో కొత్త తరం కణాలతో మరల చురుకవుతాయి.

అపోహలు

వేసెక్టమీ (పురుషుల కు.ని. శస్త్రచికిత్స) చేయించుకుంటే మగతనం పోతుందన్న భయం నేటికీ ఉంది. ఈ శస్త్రచికిత్సలో శుక్రవాహికలను మాత్రమే కత్తిరించి మూసివేస్తారు. లీడిగ్ కణాల జోలికి గానీ, వాటి రక్తప్రసరణ జోలికి గానీ పోరు. కనుక హార్మోను ఉత్పత్తి యథావిధిగా సాగుతుంది.

దీనికి విరుద్ధమైన పొరపాటు మరింత హానికరం. కండల కోసం కొందరు యువకులు వైద్య సలహా లేకుండా టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్లు తీసుకుంటారు. బయటి హార్మోను రక్తంలో చేరగానే పీయూష గ్రంథి ప్రేరణ ఆపుతుంది, లీడిగ్ కణాలు పని తగ్గిస్తాయి. శుక్రకణాల తయారీకి వృషణం లోపల రక్తంలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువ టెస్టోస్టిరాన్ కావాలి. ఇంజెక్షన్ ఆ లోటును పూరించలేదు. ఫలితంగా వృషణాలు కుంచించుకుపోయి, శుక్రకణాల సంఖ్య సున్నాకు కూడా పడిపోవచ్చు. మానివేసిన తరువాత కోలుకోవడానికి నెలలు, కొందరికి అంతకు మించిన కాలం పడుతుంది. అందుచేత సంతానం కోరుకునే పురుషులకు వైద్యులు సాధారణంగా టెస్టోస్టిరాన్ ఇవ్వరు. పీయూష గ్రంథి లోపం ఉన్నవారికి లీడిగ్ కణాలనే ప్రేరేపించే హెచ్.సి.జి. వంటి హార్మోనులను వాడతారు.